కుడి పక్క స్పీకర్

"డిక్కీ ఖాళీ చెయ్యమని పొద్దుగాల్నుంచి మూడుసార్లు చెప్పిన. ఇనవా ఏంది?" అన్నాడు గోవర్ధన్, వంటింటి గుమ్మంలో నిలబడి.

చెప్పే ఉంటాడు. ఆ మూడుసార్లూ మిక్సీ తిరుగుతూ ఉండి ఉంటుంది, లేదంటే ఆమెకు కుడి పక్క నుంచి చెప్పి ఉంటాడు. ఆ సంగతి వివరించే ఓపిక ఉదయశ్రీకి లేదు. మిక్సీ మూత తీసి, కారప్పొడి ఘాటుకు మొహం పక్కకు తిప్పుకుని, "ఊ" అంది. ఆయన వెళ్లిపోయాడు. ఈ ఇంట్లో ఏ మాటైనా ఆ ఒక్క అక్షరంతో ముగిసిపోతుంది.

ఆదివారం పొద్దున్నే ఆమె పొడులు కొడుతోంది. కారప్పొడి, కందిపొడి, సాంబారుకు ఒకటి, చారుకు ఒకటి. గురువారం నాడు ఆమె కుడి చెవికి ఆపరేషన్. తర్వాత మూడు వారాలు వంగొద్దు, బరువు ఎత్తొద్దు, తలకు నీళ్లు తగలొద్దు అని డాక్టరమ్మ చెప్పింది. మూడు వారాలు మంచాన పడాలంటే మూడు వారాల వంట ముందే చేసి పడాలి మరి. జబ్బు పడటానికి కూడా ఆడదానికి ఇంత తయారీ కావాలి. అత్తగారు దుర్గమ్మ హాల్లో కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతూ, వరుసగా నిండుతున్న సీసాల వంక చూసి, "గిన్ని పొడులు ఇప్పుడే ఎందుకే, తొందరేమున్నది" అంది. పెద్దావిడకు పొడి పాతబడుతుందని బెంగ కాబోలు అనుకుంది ఉదయశ్రీ.

కిందికి వెళ్లి డిక్కీ తెరిచింది. అత్తగారు ఏ ఫంక్షన్‌కు పోయినా కావాలనే మడత కుర్చీ, రెండు గొడుగులు, నీళ్ల క్యాను, కూరగాయల బుట్ట, ఎప్పుడైనా పనికొస్తుందని పెట్టిన పాత దుప్పటి, ఇస్త్రీకి వెయ్యాల్సిన బట్టల మూట. ఇంట్లో ఎవరికీ గుర్తుండనివి, అవసరమొచ్చినప్పుడు మాత్రం అందరూ ఆమెను అడిగేవి అన్నీ అందులోనే ఉన్నాయి. ఇక నుంచి అక్కడ పాటల దరువు మోగించే ఒక పెద్ద ఊఫర్ డబ్బా ఉంటుంది. ఈ సామానంతా ఎక్కడ పెట్టాలో గోవర్ధన్ చెప్పలేదు. మోసేది ఆమే కాబట్టి ఆయన ఆలోచించాల్సిన పని లేదు. రెండు విడతలుగా మెట్లెక్కి అంతా పైకి చేరవేసింది.

పోయిన దసరాకు కొన్న కారు అది. కొన్న మర్నాటి నుంచే గోవర్ధన్‌కు అందులో కంపెనీ వాళ్లు పెట్టిన స్టీరియో నచ్చలేదు. "రేకు డబ్బల కెల్లి పాడుతున్నట్టున్నది. క్లారిటీ అస్సల్లేదు" అనేవాడు. చిక్కడపల్లిలో కుళాయిలూ పైపులూ అమ్ముకునే దుకాణం ఆయనది. సాయంత్రమయ్యేసరికి ఆ పక్క మొబైల్ షాపతనితో కూర్చుని స్పీకర్ల సంగతులే. ఆయన చెవి అంత సున్నితమైనది. ఒకసారి కారులో ఎక్కడో గిరగిర చప్పుడు వస్తోందని ఆదివారమంతా సీట్లు ఎత్తి, మ్యాట్లు దులిపి, చివరికి డోర్ జేబులో దొరికిన ఉదయశ్రీ పిన్నీసును రెండు వేళ్లతో పైకెత్తి పట్టుకున్నాడు. "ఇదీ సంగతి! నాకు తప్ప ఎవ్వలకన్న ఇనవడ్డదా?" అన్నాడు గెలిచినవాడిలా. ఎవరికీ వినబడలేదు. పిన్నీసు చప్పుడు వినే ఆ చెవికి, పక్కన కూర్చున్న మనిషి వినడం లేదన్న సంగతి మాత్రం ఇన్నేళ్లలో ఒక్కసారీ చేరలేదు.

ఉదయశ్రీ కుడి చెవి కథ పాతదే. కూతురు శ్రీదివ్య పుట్టినప్పుడు, పచ్చి బాలింతగా ఉండగా, జలుబు చేసి కుడి చెవి చీము పట్టింది. దుర్గమ్మ వెల్లుల్లి వేసి కాచిన నూనె గోరువెచ్చగా చెవిలో పోసింది. ప్రేమగానే పోసింది, అందులో తప్పు పట్టడానికి లేదు. "మా అమ్మ నాకు గిట్లనే పోసేది" అని తల నిమిరింది కూడా. తగ్గినట్టే తగ్గి, వానాకాలం రాగానే మళ్లీ వచ్చింది. మళ్లీ నూనె. ఆ తర్వాత ప్రతి వానాకాలమూ అంతే. దూది పెట్టుకుని వంట చేసింది, దూది పెట్టుకుని ఉద్యోగానికి పోయింది, దూది పెట్టుకుని ఆడపడుచు పెళ్లిలో నూట యాభై మందికి వడ్డించింది. కొన్నాళ్లకు ఆ పక్క ప్రపంచం కొంచెం దూరం జరిగినట్టయింది. అలసట వల్ల అనుకుంది. ఇంట్లో వాళ్లు పరధ్యానం అన్నారు. పరధ్యానం అన్న మాటే ఖాయమైంది.

నాలుగేళ్ల కింద నారాయణగూడలో చెవి డాక్టరమ్మ చూసి, పొరకు చిల్లు పడింది, అతుకు వెయ్యాలి అని చెప్పింది. ఇంటికొచ్చి చెప్తే దుర్గమ్మ బుగ్గన వేలేసుకుంది. "మూడు వారాలు తల మీద నీళ్లు పోసుకోవద్దా? ఆషాఢం వస్తున్నది. ఇంటికి పెద్ద కోడలివి, బోనం ఎవలెత్తుకుంటరు?" సరే ఆషాఢం పోనీ అనుకుంది. వెంటనే శ్రావణం, శుక్రవారాల తలస్నానాలు. అవి కాగానే బతుకమ్మ. ఆ పైన కార్తీకం. ఆడదాని తల తడవని నెల ఏదో పంచాంగమంతా తిరగేసినా దొరకదు. గోవర్ధన్ ఎప్పుడూ వద్దనలేదు. "చేయించుకుందాం తియ్, చెవి ఎటు పోతది?" అనేవాడు.

పోయిన నెల మళ్లీ చీము వస్తే డాక్టరమ్మ ఈసారి కసిరింది. "లోపలి ఎముక దాకా పోతుందమ్మా. ఇప్పుడు చేస్తే ఉన్నది నిలబడుతుంది. ఇంకో వానాకాలం ఆగితే నేనేమీ చెప్పలేను." ఆవిడ ఆపరేషన్లు చేసేది గురువారాలే. ఒక గురువారం దొరికింది. ఆ తర్వాతి ఆదివారమే బోనాలని తెలిసినా ఉదయశ్రీ సరేనంది. ఇంట్లో చెప్పింది. గోవర్ధన్ స్పీకర్ల బొమ్మలున్న కాగితం చూస్తూ "సరే తియ్" అన్నాడు. దుర్గమ్మ ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనకపోవడం ఉదయశ్రీకి కొత్తగా అనిపించింది గానీ, మనసు సంతోషంలో ఉంటే అనుమానాలు నిలవవు.

*

నారాయణగూడ ఫ్లైఓవర్ దగ్గర సందులో ఉంది ఆ కారు సామాన్ల షాపు. తిరిగొచ్చేటప్పుడు కూరగాయలు కొనాలి కాబట్టి ఆమెను కూడా రమ్మన్నాడు గోవర్ధన్. ఫిట్టర్ పేరు సాగర్. చెవి మీద పెన్సిలు, చేతిలో స్క్రూడ్రైవరు. కంపెనీ స్టీరియో ఊడదీస్తే ముందు భాగంలో నలుచదరపు బొక్క, అందులోంచి రంగురంగుల వైర్లు బయటికొచ్చాయి. గోవర్ధన్ పక్కనే నిలబడి ఒక్కొక్కటీ అడిగి తెలుసుకుంటున్నాడు. ఇది ఎందుకు, అది దేనికి, ఈ వైరు ఎంత మందం. వేడినీళ్ల గీజరు రెండేళ్లుగా షాక్ కొడుతుంటే ఒక్కసారి తొంగిచూడని మనిషి, ఆ బొక్కలోకి చేపలు చూసే పిల్లాడిలా చూస్తున్నాడు.

ఎండ ఎక్కింది. ముందు తలుపుల్లో కొత్త స్పీకర్లు, అద్దాల మూలల్లో ట్వీటర్లనే చిన్న చిన్న స్పీకర్లు, డిక్కీలో ఊఫరూ, దాని పక్కన ఆంప్లిఫయరూ బిగించాడు సాగర్. అంతలో దుకాణం నుంచి ఫోనొస్తే గోవర్ధన్ మాట్లాడుతూ ఇరానీ హోటల్ వైపు వెళ్లాడు. సాగర్ డిక్కీలో తల దూర్చి, అక్కడి నుంచే పిలిచాడు.

"మేడం, జర డ్రైవర్ సీట్ల కూసుంటరా? నేను ఈడ ఒక్కొక్క వైరు పెట్టి సూస్త. ఎటు పక్క మోగుతుందో చెప్పున్రి, చాలు."

ఉదయశ్రీ డ్రైవర్ సీట్లో కూర్చుంది. కారు కొన్నాక ఆ సీట్లో కూర్చోవడం అదే మొదలు. స్టీరింగ్ మీద చేతులు పెట్టాలో వద్దో తెలియక ఒళ్లో పెట్టుకుంది. ఏదో డప్పు పాట మొదలైంది.

"ఎటు పక్క మేడం?"

"ఎడమ పక్క."

"ఓకే. ఇప్పుడు?"

ఆమె విన్నది. పాట కొంచెం సన్నబడింది, వెనకాల ఉన్న గజ్జెల చప్పుడు మాయమైంది, కానీ వస్తున్నది మాత్రం అటు నుంచే. "ఎడమ పక్కనే" అంది.

"రెండూ ఎడమకేనా?" సాగర్ డిక్కీలోంచి బయటికొచ్చాడు. "కుడి పక్కది అస్సల్ మోగుతలేదా?"

"లేదు."

ఎంత నమ్మకంగా చెప్పిందో! తన చేతి కిందనే, డోర్‌లోంచి పాట పాడుతుంటే, లేదని చెప్పింది. అతనూ మారు మాట్లాడకుండా నమ్మాడు. ఆంప్లిఫయర్ ఆపేసి, కుడి డోర్ ప్యాడ్ పట్టుకుని లాగాడు. లోపలి ప్లాస్టిక్ క్లిప్పు ఒకటి టప్పున విరిగింది. స్పీకర్ ఊడదీసి, వైర్లు విప్పి, మళ్లీ కలిపి టేపు చుడుతుండగా గోవర్ధన్ వచ్చాడు.

"ఏమైంది? డోర్ ఎందుకు ఇప్పినవ్?"

"కుడి పక్క స్పీకర్ మోగుతలేదన్న. మేడం చెప్పింది."

గోవర్ధన్ మొహం ఎర్రబడింది. కొత్త స్పీకర్ పాడైందా, వైరు తప్పు కలిపావా, ఇంత పేరున్న షాపా ఇది అని అరిచాడు. షాపాయన బయటికొచ్చాడు. ఇంకో కారు తెచ్చుకున్న ఇద్దరు కుర్రాళ్లు కూడా వచ్చి నిలబడ్డారు. సాగర్ అంతా బిగించి ఆన్ చేశాడు. గోవర్ధన్ సీట్లో కూర్చుని కళ్లు మూసుకుని విన్నాడు. ఆ తర్వాత పెద్దగా నవ్వాడు.

"మోగుతుంది గదనయ్యా! ఖంగున మోగుతుంది! ఆమె మాట పట్టుకొని డోర్ ఇప్పినవా? ఆమెకు ఏది కుడో ఏది ఎడమో సోయి ఉంటే కద!"

కుర్రాళ్లు నవ్వారు. షాపాయన మర్యాదకు నవ్వాడు. సాగర్ మాత్రం విరిగిన క్లిప్పు చేతిలో పట్టుకుని తల గోక్కున్నాడు, తన తప్పేమిటో అర్థం కాక. ఉదయశ్రీకి ఒళ్లంతా సిగ్గు పాకింది. ఇంతసేపూ ఎండలో నిలబెట్టిన దానికంటే ఆ నవ్వు ఎక్కువ అలసట తెచ్చింది.

వాళ్లంతా లెక్క చూసుకోవడానికి లోపలికి పోయారు. పాట మోగుతూనే ఉంది. ఆమె వచ్చి తన సీట్లో, ఎడమ పక్కన, కూర్చుని తలుపు వేసుకుంది. ఎందుకు చేసిందో తెలియదు, ఎడమ చూపుడువేలు ఎడమ చెవిలో గట్టిగా పెట్టుకుంది.

పాట పోయింది. డిక్కీలోంచి వచ్చే దెబ్బ ఒక్కటే వీపుకు తగులుతోంది. గొంతూ లేదు, మాటలూ లేవు, గజ్జెలూ లేవు. మూడు గోడల అవతల ఎవరింట్లోనో ఏదో జరుగుతున్నట్టు ఒక గుసగుస. వేలు తీసింది, పాట వచ్చింది. మళ్లీ పెట్టింది, పోయింది. కొంచెం తక్కువ వినబడుతుందని ఇన్నాళ్లూ తనకు తానే చెప్పుకున్నది. కొంచెం కాదు. ఎంత పోయిందో మొదటిసారి కొలిచి చూసుకున్నట్టయింది. భయం వేసింది. భయం వెనకే, గురువారం ఇంకెంతో దూరంలో లేదన్న ధైర్యం వచ్చింది.

*

ఇంటికి వస్తుంటే గోవర్ధన్ మంచి ఊపు మీద ఉన్నాడు. చేత్తో స్టీరింగ్ మీద తాళం వేస్తున్నాడు. మధ్యలో ఒకసారి పాట తగ్గించి, "డోర్ కాడ గిరగిర అంటుంది చూడు. ఆ క్లిప్పుదే. నీ పుణ్యమే" అన్నాడు. తగ్గించాడు కాబట్టి, ఆమె మెడ పూర్తిగా ఆయన వైపు తిప్పింది కాబట్టి ఆ మాట వినబడింది. అదే అదనుగా అడిగింది.

"గురువారం పొద్దున్నే ఆస్పత్రికి పోవాలె. మీరు దుకాణం తాళాలు ఎవలికన్న ముందే ఇచ్చి పెట్టున్రి."

"ఏ గురువారం?"

"ఆపరేషన్ గురువారం."

ఆయన ఆమె వంక వింతగా చూశాడు. "అది క్యాన్సల్ చేసిన గద! నేనే ఫోన్ చేసి చెప్పిన వాళ్లకు. బోనాలు అయినంక చూద్దామని. నీకు చెప్పిన గద!"

"ఎప్పుడు చెప్పిన్రు?"

"మొన్న శుక్రవారం. క్రాస్ రోడ్స్ సిగ్నల్ కాడ. అమ్మ బాధ పడుతుంది, ఆగస్టు దాక ఆగుదామన్న. నువ్వు ఊ అన్నవ్."

ఆ సిగ్నల్ గుర్తుంది ఆమెకు. మిరపకాయ బజ్జీల బండి గుర్తుంది, మూకుడు ముందు కొంగు నోట్లో కుక్కుకుని పిండి కలుపుతున్న మనిషి గుర్తుంది. కారులో పాట మోగుతోంది. గోవర్ధన్ పెదవులు కదలడం అద్దంలో చూసింది. ఏ కరెంటు బిల్లో, ఏ దుకాణం సంగతో అనుకుంది. అవును, ఊ అంది.

"నువ్వు వద్దంటే నేను చేస్తనా? నీ ఇష్టం లేకుంట ఏ పనన్న చేసిన్నా నేను?" అన్నాడు గోవర్ధన్. అబద్ధం చెప్పడం లేదు. ఆయన మనస్ఫూర్తిగా నమ్ముతున్నాడు. ఆయన పాట పెంచాడు.

ఇంట్లో దుర్గమ్మ ఎదురొచ్చి కూరగాయల సంచి అందుకుంది. కోడలి మొహం చూసి, "నేను ముందుగాల్నే అన్న గద, తొందరేమున్నదని. ఆగస్టుల చేయించుకో బిడ్డా. అమ్మవారి కార్యం ముందు పెట్టుకొని చెవులు కోయించుకుంటరా ఎవలన్న?" అంది. పొడుల సీసాలు వరుసగా గట్టు మీద ఉన్నాయి, మూతలు బిగించి.

ఆ సాయంత్రం చపాతీలు చేస్తూ ఉదయశ్రీ తన ఊ లన్నీ వెనక్కి తిరిగి చూసుకుంది. ఎన్ని అన్నదో, వేటికి అన్నదో. బి.ఎడ్. సీటు వచ్చిన ఏడు స్కూటర్ మీద వెనక కూర్చుని పోతుంటే గాలిలో ఆయన ఏదో అన్నాడు, ఆమె ఊ అంది. తర్వాత, "వచ్చే ఏడు చూద్దామంటే నువ్వే ఒప్పుకున్నవ్" అన్నాడు. చెల్లెలి గృహప్రవేశానికి పోకపోవడం కూడా ఆమె ఒప్పుకున్నదేనట. అమీర్‌పేటలో మంచి ఉద్యోగం వస్తే, దూరమని మానేసి అశోక్ నగర్ కోచింగ్ సెంటర్ చాలనుకున్నదీ ఆమేనట. ఇరవై ఏళ్లుగా ఆ ఇంట్లో ఎవరూ ఆమెను బలవంతపెట్టలేదు. ఎవరినీ వేలెత్తి చూపించే వీలు లేదు. అన్నిటికీ ఆమె ఊ అన్నది. వినబడలేదు అని చెప్తే మళ్లీ చెప్పమనాలి. మళ్లీ చెప్పమంటే, "ఎన్నిసార్లు చెప్పాలె నీకు, చెవుడా?" అంటారు. ఆ విసుగు పడలేక, ఇంట్లో శాంతి కోసం, వినకుండానే తల ఊపడం నేర్చుకుంది. తన బతుకు మీద తనే గుడ్డిగా సంతకాలు పెడుతూ వచ్చింది. చపాతీ పెనం మీద మాడింది. దుర్గమ్మ హాల్లోంచి, "పరధ్యానం" అంది. అది మాత్రం వినబడింది. ఎడమ పక్క నుంచి కదా.

శ్రీదివ్య వచ్చి పెనం మీద చపాతీ తిప్పింది. డిగ్రీ మొదటి ఏడు చదువుతోంది. వంటింట్లో చోటు లేకపోయినా, సింకును చుట్టి వచ్చి తల్లికి ఎడమ పక్కనే నిలబడింది. ఉదయశ్రీ చేతిలో అప్పడాల కర్ర ఆగిపోయింది. ఈ పిల్ల ఎప్పుడూ అటే నిలబడుతుంది. సినిమాకు పోతే అటే, బస్సులో అటే, నిద్రపోయేటప్పుడు కథ చెప్పమని అడిగిన రోజుల్లోనూ అటే.

"నువ్వెప్పుడూ ఇటు పక్కనే ఎందుకుంటవే?" అని అడిగింది.

"ఇటు పక్కనుంటే నువ్వు మాట్లాడతవ్ గద అమ్మా. అటు ఉంటే ఉత్తగ ఊ అంటవ్" అంది శ్రీదివ్య, అదేమంత పెద్ద విషయమన్నట్టు.

ఉదయశ్రీకి ఏడుపొచ్చింది. కారప్పొడి ఘాటు ఇంకా ఉందని ముక్కు తుడుచుకుంది.

*

సోమవారం కోచింగ్ సెంటర్‌లో ఎప్పటిలాగే రద్దీ. ఆమె కూర్చునే బల్లకు ఎడమ పక్కన గోడ, కుడి పక్కన జనం. సిద్దిపేట నుంచీ, జనగామ నుంచీ, ఎక్కడెక్కడి నుంచో వచ్చిన పిల్లలు ఆ కుడి పక్క నిలబడి కొత్త బ్యాచి ఎప్పుడు, హాస్టల్ ఎక్కడ అని మెల్లగా, బిడియంగా అడుగుతారు. ఆమెకు వినబడదు. వాళ్లకు అది పొగరులా కనిపిస్తుంది. "పిల్లల్తోటి జర నవ్వుకుంట మాట్లాడున్రి మేడం, పక్క సెంటర్‌కు పోతున్నరు" అని డైరెక్టర్ రెండుసార్లు చెప్పాడు. బల్ల అటు తిప్పుకుంటానని అడిగితే, వాస్తు చూసి పెట్టింది, ముట్టుకోవద్దన్నాడు. ఆమె వాస్తుకు కూడా ఊ అంది.

మధ్యాహ్నం టిఫిన్ డబ్బా విప్పకుండా లేచి, ఎండలో నడుచుకుంటూ నారాయణగూడ ఆస్పత్రికి వెళ్లింది. కౌంటర్లో నర్సు కంప్యూటర్ చూసి, "మీ ఆయన క్యాన్సల్ చేసిండు కదండి. పేషెంట్‌కు కూడా ఇష్టమేనా అని నేనే అడిగిన. ఆమె ఊ అన్నది అని చెప్పిండు" అంది.

"నేను అనలేదు" అంది ఉదయశ్రీ. గొంతు అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది. బెంచీ మీది వాళ్లు తల తిప్పి చూశారు. ఆమె మళ్లీ అంది, ఈసారి మెల్లగా. "నాకు వినబడలేదు. వినబడనిదానికి ఊ అన్న. అది లెక్కలోకి రాదు."

నర్సుకు సగమే అర్థమైనట్టుంది. అయినా మనిషి మంచిది. గురువారం ఆ చోటు ఇంకా ఎవరికీ ఇవ్వలేదని చూసి, పేరు మళ్లీ ఎక్కించింది. "వెంట పెద్దవాళ్లు ఒకరుండాలె. మీ ఆయన వస్తరా?"

"మా బిడ్డ వస్తది. పద్దెనిమిది నిండినయి."

*

బుధవారం సాయంత్రం బోనం సామాను కొనడానికి అందరూ కారులో బయలుదేరారు. పసుపు, కుంకుమ, వేపమండలు, కొత్త కుండ. డిక్కీ నిండా ఊఫరే కాబట్టి కుండ పెట్టడానికి చోటు లేదు. దుర్గమ్మ వెనక సీట్లో కూర్చుని దాన్ని ఒళ్లో పెట్టుకుని రెండు చేతులా పట్టుకుంది. శ్రీదివ్య ఆవిడ పక్కన కూర్చుంది.

చిక్కడపల్లి మార్కెట్ దాటేసరికి గోవర్ధన్ పాట పెంచాడు. వెనక డబ్బా దెబ్బకు కుండ అదరసాగింది. "అరే గోవర్ధన్, కుండ అదురుతుందిరా, ఆపరా!" అని దుర్గమ్మ అరిచింది. కొడుకు వినలేదు. తాళం వేస్తున్నాడు. ఆవిడ ఇంకోసారి అరిచి, లాభం లేక కుండను ఇంకా గట్టిగా గుండెకు హత్తుకుంది. ఉదయశ్రీ వెనక్కి తిరిగి అత్తగారి వంక చూసింది. జాలి వేసింది, కోపమూ వేసింది. రెండూ ఒకేసారి వేస్తాయని ఆ ఇంట్లోనే నేర్చుకుంది.

గోవర్ధన్ ఆమెకు కుడి పక్క నుంచి ఏదో అన్నాడు. పెదవులు కదిలాయి. ఆదివారం సంగతి కావచ్చు, చీర సంగతి కావచ్చు. ఊ అనాల్సిన చోటు వచ్చింది. ఆమె అనలేదు.

ఆయన మళ్లీ అన్నాడు, కొంచెం గట్టిగా. ఆమె ముందున్న రోడ్డు వంక చూస్తూ కూర్చుంది. అడ్డంగా నడుస్తున్న కోచింగ్ పిల్లలు, చేతుల్లో లావుపాటి పుస్తకాలు. మూడోసారి అని, జవాబు రాకపోయేసరికి గోవర్ధన్ చెయ్యి చాచి పాట ఆపేశాడు. కొత్త సిస్టం పెట్టాక, కారు నడుస్తుండగా అది ఆగడం అదే మొదటిసారి. కారు నిశ్శబ్దమైంది. కుండ అదరడం మానింది.

"ఏందే, ఇనవడ్తలేదా?"

ఆమె మొత్తం మనిషి ఆయన వైపు తిరిగింది. "లేదు" అంది. "ఈ చెవితోటి ఏం ఇనవడదు నాకు. ఆ స్పీకర్ మోగుతలేదని అందుకే చెప్పిన. స్పీకర్ మంచిగనే ఉన్నది."

"మరి ఇన్ని దినాలు ఊ అన్నవ్ గద?"

"ఇనకుంటనే అన్న."

గోవర్ధన్ బ్రేకు మీద కాలు పెట్టాడు. వెనక నుంచి ఆటోవాడు హారన్ కొట్టాడు. ఆయన ఆమె వంక చూస్తున్నాడు, ఏవేవో వెతుక్కుంటున్నట్టుగా. స్కూటర్ గుర్తొచ్చిందో, సిగ్నల్ గుర్తొచ్చిందో ఆమెకు తెలియదు. తెలుసుకోవాలనీ అనిపించలేదు. చాలా అలసిపోయి ఉంది.

"రేపు పొద్దున ఆస్పత్రిల చేరుతున్న. శ్రీదివ్య వస్తది నాతోటి. ఆదివారం బోనం నేనెత్తుకోను, అత్తమ్మా" అంది, వెనక్కి కూడా వినబడేలా. "పొడులు కొట్టి పెట్టిన. అన్నం వండుకోవాలె, అంతే."

దుర్గమ్మ కుండ మీద చేతులు తియ్యలేదు. కారు కదిలింది. ఉదయశ్రీ మళ్లీ ముందుకు తిరిగి కూర్చుంది. కాసేపటికి గోవర్ధన్ మళ్లీ ఏదో అన్నాడు, తగ్గిన గొంతుతో, అలవాటుగా అటు పక్క నుంచే. ఏమన్నాడో ఆమెకు వినబడలేదు.

ఊ అనలేదు.